వేళాకోళం వరస

పోయినవారం మలామాను మీటింగు గదిలోంచి విసవిసా బయటికి నడుస్తుండగా వదిలేశాం. పాపం, వారమంతా ఆ పిల్లని ఎర్రటి ఎండలో వరండాలోనే నిలబెట్టేశాం. మధ్యలో వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి, ఆమెను నీడలోకి తీసుకుపోదాం.

మలామా బెంబా తెగ అమ్మాయి. పుట్టడం జాంబియాలోనే పుట్టినా, తండ్రి బడిపంతులు ఉద్యోగానికి బోట్స్వానా వెళ్ళిపోవడంతో పెరగడమంతా గాబరోనెలోనే అయింది. ఇప్పుడు లుసాకాలో ఒక సోలార్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్‌గా చేరింది. చేతికిచ్చిన మొదటి పని కటేటె దాటాక ఒక పల్లెలో ఉన్న చిన్న ఆసుపత్రికి కరెంటు ఇవ్వడం. అక్కడి నర్సు ఇప్పటిదాకా ఫోను లైటు పళ్ళ మధ్య కరుచుకుని కాన్పులు చేస్తోంది. కాన్పుల వార్డు రేకుల కప్పు మీద ప్యానెళ్ళు బిగించాలి. శుక్రవారం ప్రారంభోత్సవం. డబ్బిచ్చిన విదేశీ సంస్థవాళ్ళు విమానం టిక్కెట్లు కూడా కొనేసుకున్నారు. శుక్రవారం దీపం వెలిగితే మలామా ఉద్యోగం ఖాయం. వెలగకపోతే పెట్టె సర్దుకుని గాబరోనె బస్సెక్కడమే.

ఇంతలో మీటింగులో సీనియర్ ఇంజనీరు షాబా నోరు చేసుకున్నాడు. చిపాటా వైపు న్గోనీ తెగ మనిషి, జుట్టు సగం నెరిసినవాడు. అందరూ వింటుండగా, "కోతుల్ని తినేవాళ్ళ పిల్ల పెట్టమంటే ఆ కప్పు మీద ప్యానెళ్ళు పెట్టేయాలా? మీ నాన్న వండుకునే కోతి ఎక్కినా కూలిపోతుంది అది!" అన్నాడు. గదంతా గొల్లుమంది. మలామా లేచి బయటికి వచ్చేసింది. అక్కడ ఆపాం.

ఆమె తిన్నగా డైరెక్టర్ మూంగా గదికే వెళ్ళింది.

"నాకు ఈ మనిషి అర్థం కావడం లేదు సార్" అంది కుర్చీలో కూర్చోకుండానే. "వచ్చిన రోజు నుంచీ కోతులంటాడు, మా నాన్న కూర గిన్నెలో తోకలంటాడు. మరి మొన్న మా ఇంట్లో నీళ్ళు రాకపోతే అడక్కుండానే డ్రమ్ములకొద్దీ నీళ్ళు కారులో వేసుకొచ్చి దింపివెళ్ళాడు. నాకు జ్వరం వస్తే వాళ్ళావిడ చేత గంజి పంపించాడు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ కోతులు! నేనంటే పడదా? పడదంటే ఆ గంజి ఎందుకు?"

మూంగా టోంగా మనిషి. పొట్ట మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా మాట్లాడతాడు. ఆయన జవాబు చెప్పేలోపే తలుపు తోసుకుని నసిలేలె వచ్చింది. సైట్లకి సామాను పంపించడం, మనుషుల్ని కుదర్చడం ఆమె పని. బారోట్సె వైపు లోజీ ఆవిడ, ఎత్తుగా, ఎప్పుడూ ఎవరితోనో దెబ్బలాడబోతున్నట్టు నడుస్తుంది.

"ఆవులు కాసుకునేవాడా, సంతకం పెట్టావా లేదా?" అంది డైరెక్టర్‌తో.

మలామా ఉలిక్కిపడి డైరెక్టర్ వంక చూసింది.

మూంగా కదలకుండా సొరుగుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "దొంగ వచ్చింది మలామా, నీ సంచీ జాగ్రత్త. వీళ్ళ తాతలు మా తాతల ఆవుల్ని తోలుకుపోయారు. ఇప్పుడు వీళ్ళు పెన్నులు తోలుకుపోతున్నారు."

"నీ పెన్ను ఎవడిక్కావాలి? అది కూడా పేడ కంపే!" అని నసిలేలె సంతకం పెట్టించుకుని, ఆయన బల్ల మీద మామిడిపండు ఒకటి పెట్టి, వెళ్ళిపోయింది.

మూంగా ఆ పండు చేతిలోకి తీసుకుని మలామా వంక చూశాడు. "చూశావుగా. ఇప్పుడు నేను ఆవిడ మీద ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి?"

"మీరు... మీరు డైరెక్టర్ కదా సార్."

"కుర్చీలో డైరెక్టర్నే. ఆవిడకి మాత్రం వరసైనవాణ్ణి. లోజీలకీ మాకూ చింబుయా, అంటే వేళాకోళం వరస. మీ బెంబాలకీ న్గోనీలకీ కూడా అంతే. మీ తాతలూ వాళ్ళ తాతలూ ఈటెలతో పొడుచుకుని పొడుచుకుని విసిగిపోయి, ఇకమీదట నోటితోనే పొడుచుకుందాం అనుకున్నారు. అప్పట్నించీ వరస కలిసింది. న్గోనీ వాడు బెంబా మనిషిని ఏమన్నా అనచ్చు, చావింట్లో కూడా అనచ్చు. వాడు కోతులంటే మీరు ఎలుకలనాలి, న్గోనీలు ఎలుకలు తింటారని మీ వెక్కిరింపు. కోపం తెచ్చుకున్నవాళ్ళదే తప్పు. మీ నాన్న చెప్పలేదా ఎప్పుడూ?"

"లేదే!"

"గాబరోనెలో తిట్టుకోడానికి న్గోనీ ఎవడు దొరుకుతాడు పాపం. అందుకని ఊరుకుని ఉంటాడు." మూంగా నవ్వాడు. "పిచ్చిపిల్లా, షాబా నిన్ను తిట్టలేదు. ఇంట్లో మనిషిని చేసుకున్నాడు. నీకన్నా ముందున్న మేనేజర్‌ని ఎప్పుడూ సార్ అనే పిలిచాడు. ఒక్కసారీ వేళాకోళం ఆడలేదు. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదిక్కడ."

మలామా అప్పుడు కూర్చుంది. ఇన్నాళ్ళూ రాత్రుళ్ళు ఏడ్చిన ఏడుపంతా వృథా అయినట్టనిపించి ఆమెకు సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వు కూడా వచ్చింది. అంతలోనే ఇంకో అనుమానం తగులుకుంది.

"మరి కప్పు మాట సార్? కూలిపోతుందన్నాడు. అదీ వేళాకోళమేనా?"

సరిగ్గా అప్పుడే మూంగా ఫోను మోగింది. విదేశీ సంస్థవాళ్ళు. ఆయన ఒక చేత్తో ఫోను అందుకుంటూ రెండో చేత్తో ఆ ప్రశ్నని ఈగని తోలినట్టు తోలేశాడు. "షాబా నోట్లోంచి వచ్చేది ముప్పావు వంతు వేళాకోళమే అమ్మా. కప్పు బాగానే ఉందని ఆసుపత్రివాళ్ళు ఒప్పుకున్నారుగా... హలో, హలో, అవునండీ, శుక్రవారమే, అంతా సిద్ధం!"

మిగిలిన ఆ పావు వంతు ఏది? మలామా అడుగుదామనుకుంది. ఆయన ఫోనులో పడిపోయాడు. ఆ ప్రశ్న ఎవరూ తీసుకోకుండా ఆ గదిలోనే ఉండిపోయింది. కథ అంతా అక్కడే అడ్డం తిరిగింది, కానీ అప్పుడు ఆమెకి తెలియదు.

మధ్యాహ్నం భోజనాలకి అందరూ వెనక షెడ్డు కింద చేరారు. మొక్కజొన్న పిండి న్షిమా ముద్దలు పొగలు కక్కుతున్నాయి. వేయించిన కపెంటా చేపలూ, వేరుశనగ పొడి వేసి వండిన ఆకుకూరా గిన్నెల్లో ఉన్నాయి. మలామా రోజూ తన డబ్బా పట్టుకుని గదిలోనే తినేది. ఇవాళ వచ్చి షాబాకి ఎదురుగా కూర్చుంది. పొద్దున్న విసురుగా వెళ్ళిపోయిన మనిషి ఇప్పుడేం చేస్తుందోనని అందరూ ముద్ద చేతిలోనే పట్టుకుని చూస్తున్నారు.

ఆమె చేతులు కడుక్కుంది. ఒకటికి రెండుసార్లు కడుక్కుంది. ఎప్పుడూ పెద్దవాళ్ళని పల్లెత్తు మాట అనని పిల్ల మరి. షాబా పళ్ళెంలోకి వంగి చూసింది.

"ఏంటి పెద్దాయనా, కూరలో తోకలు కనబడ్డం లేదు? ఇవాళ చిపాటాలో ఎలుకలు సమ్మె చేశాయా, లేకపోతే మీ ఊళ్ళో ఉన్నవన్నీ నిన్న రాత్రే లాగించేశారా?"

ఒక్కరూ నవ్వలేదు. మలామా షాబా ముఖంలోకి చూసింది. అయిపోయింది, తప్పు చేశాను అనుకుంది.

షాబా పళ్ళెం కిందపెట్టాడు. లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ పైకెత్తి, ఆ వయసులో, ఆ బొజ్జతో, కాళ్ళు నేలకేసి దబదబా కొడుతూ న్గోనీల యుద్ధం చిందు వేశాడు.

"మాట్లాడిందర్రా! కోతులవాళ్ళ పిల్లకి నోరొచ్చింది! నేను గాబరోనెవాళ్ళు నాలుక కోసేసి పంపారేమో అనుకున్నా!"

అందరూ ఒక్కసారిగా పగలబడి నవ్వారు. నసిలేలె బల్ల మీద చరుస్తోంది. షాబా తన గిన్నెలోంచి కపెంటా తీసి మలామా పళ్ళెంలో కుప్పగా వేశాడు. "తిను, తిను. కోతి మాంసం కాదులే, అయినా తిను." ఎవరో ఆమె వీపు తట్టారు. ఇంకెవరో మహేవు అంబలి సీసా చేతిలో పెట్టారు. వచ్చిన తర్వాత మొదటిసారి మలామాకు ఈ మనుషులు తనవాళ్ళనిపించింది. ఆ సంతోషం ఎలాంటిదో కొత్త ఊళ్ళో ఒంటరిగా భోంచేసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ నవ్వుల మధ్యనే షాబా అన్నాడు. "సరే కోతుల రాణీ, ఇప్పుడైనా ఈ ముసలి ఎలుకలవాడి మాట చెవినేసుకో. ఆ కప్పు మీద బరువు పెట్టకు. వాసాలు పైకి నున్నగా ఉన్నాయి, లోపలంతా చెదే. నేను వేలు పెడితే వేలు లోపలికి దిగింది. ప్యానెళ్ళు నేల మీద ఇనప స్టాండు వేసి పెడదాం."

"శుక్రవారానికి అవుతుందా?" అని ఎవరో అడిగారు.

"కాదు. కాకపోతే కాకపోయింది. వాళ్ళ విమానం కోసం ఆ కప్పు ఆగుతుందా ఏంటి?" అన్నాడు షాబా.

"వేలు దిగింది వాసంలోకేనా పెద్దాయనా, ఎలుక కన్నంలోకేమో చూసుకోండి!" అని వెనకనుంచి ఇంకొకరు. మళ్ళీ నవ్వులు.

మలామా కూడా నవ్వుతోంది. ఇది ఆ పావు వంతా, ముప్పావు వంతా? ఆమెకి తెలియలేదు. నవ్వుతున్న మనిషి ముఖంలో నిజం ఎక్కడ వెతకాలో గాబరోనెలో ఎవరూ నేర్పలేదు. అక్కడ కప్పు బాగాలేదంటే మనిషి ముఖం ముడుచుకుని, కూర్చోబెట్టి చెప్తాడు. ఇక్కడ అదే మాట చేపలు నములుతూ, కోతుల మధ్య ఇరికించి చెప్తున్నారు. అందరూ తన వంకే చూస్తున్నారు, ఇంకో మాట అంటుందేమోనని. ఆ ఆశ చూసి ఆమెకి ఉత్సాహం ఆగలేదు.

"న్గోనీలు వీరులంటారే, చెద పురుగుకే ఇంత వణుకా?" అంది గట్టిగా. "అంత అనుమానమైతే ప్యానెళ్ళ కన్నా ముందు మీరే ఎక్కండి! మీ బొజ్జని మోసిందంటే ఆ కప్పు ప్యానెళ్ళనీ మోస్తుంది!"

షెడ్డు ఎగిరిపోయేటంత నవ్వు. షాబా కూడా నవ్వాడు. కాకపోతే అందరికన్నా ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వాడు. తర్వాత చెయ్యి కడుక్కుని, తల ఊపుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క క్షణం సంగతి మలామా గమనించింది గానీ, దాన్ని ఏం చేసుకోవాలో పాలుపోలేదు.

మర్నాడు పొద్దున షాబా కుర్చీ ఖాళీగా ఉంది.

మలామా మొదట పట్టించుకోలేదు. రాత్రి పడుకునేముందు ఇంకో నాలుగు ఎలుకల మాటలు తయారుచేసుకుంది, అవి నోట్లోనే ఉండిపోయాయి. కాఫీ తాగింది. సైటుకి వెళ్ళాల్సిన సామాను చూసుకుంది. ఆ కుర్చీ మాటిమాటికీ కంటికి అడ్డం వస్తుంటే లేచి నసిలేలె దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, ఒక మాట అడుగుతా, నవ్వకూడదు. చింబుయాలో ఏది వేళాకోళమో ఏది నిజమో మీకెలా తెలుస్తుంది?"

నసిలేలె చేతిలో పని ఆపి వింతగా చూసింది. "అదేం ప్రశ్న? రెండూ ఒకటే కదా."

"ఒకటేంటి?"

"తిట్టు వేళాకోళం. లోపలి మాట నిజం." నసిలేలెకి ఊపిరి పీల్చడం ఎలాగో వివరించినంత కష్టంగా ఉంది. "చూడు, నువ్వు పైఅధికారివి. వయసులో చిన్నదానివి. ఆ పెద్దాయన నలుగురిలో నిలబడి, నువ్వు చేసేది తప్పు అన్నాడనుకో, నీ పరువు పోతుంది. ఊరుకుంటే పని చెడుతుంది. అందుకని కోతి అన్నాడు. కోతి మాట విని నవ్వేవాళ్ళు నవ్వుతారు, చెద మాట నీకు అందుతుంది. వరస ఉన్నదే అందుకు."

మలామా బల్ల అంచు పట్టుకుంది. "అంటే మీటింగులో కూడా..."

"మీటింగులో, షెడ్డులో, ఆ ముందు వారం కారులో. పాపం ఎన్నిసార్లు చెప్పాడు! నీకు అర్థమవుతోందనే అనుకున్నాం. అర్థమయ్యి కూడా మొండిపట్టు పట్టావనుకున్నాం."

మలామాకి ఇప్పుడు తెలిసింది. రోజూ ఆ మనిషి తనను కాపాడుతుంటే, తను గదిలో కూర్చుని ఏడ్చింది, పైవాళ్ళకి ఫిర్యాదు చేసింది. అర్థమైందనుకున్న ఒక్క రోజునా, అసలు మాటనే తోసేసి అందరిచేతా నవ్వించింది.

"మరి నిన్న నేనన్న మాట? ఆయన్నే ఎక్కమన్నది?"

నసిలేలె నడుముకి చుట్టుకున్న చితెంగె గుడ్డ ముడి విప్పి మళ్ళీ బిగించింది.

"అదే నాకూ తెలియలేదు. వరసైనవాళ్ళు ఏదైనా అడిగితే కాదనకూడదు. మేనేజర్ చెబితే కాదనడానికి లేదు. నువ్వు రెండూనూ. నాకు తెలిసి ఇక్కడ ఇంతకుముందు ఎవరూ అలా రెండూ అయి ఆ మాట అనలేదు." గొంతు తగ్గించింది. "నిన్న సాయంత్రమే ఆయన కారు వేసుకుని బయల్దేరాడు. ఎక్కడికి అంటే, కప్పుకి బొజ్జ చూపించడానికి అన్నాడు. నేను నవ్వాను."

మలామా అప్పటికే ఫోను తీసింది. షాబా ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఆసుపత్రి నర్సు జెలిపాకి చేసింది. చాలాసేపు మోగాక నర్సు గొంతు వినిపించింది, వెనకాల చంటిపిల్లల ఏడుపులూ, ఆడవాళ్ళ మాటలూ.

"సిస్టర్, నేను లుసాకా నుంచి మలామాని. షాబా గారు అక్కడున్నారా?"

"ఓ, మేనేజరమ్మా! ఏం పని పెట్టావమ్మా మాకు పొద్దున్నే! బాలింతల్నీ పిల్లల్నీ అందర్నీ మామిడిచెట్టు కిందకి తరిమేశాడు. వార్డులో పురుగు కూడా ఉండకూడదన్నాడు. ఇప్పుడు కప్పెక్కి కూర్చున్నాడు."

"ఎక్కేశారా?"

"ఇదిగో ఇప్పుడే. మేనేజర్ చెప్పింది, చెయ్యాలి అన్నాడు. నేను ఎంత మొత్తుకున్నా వినడు. మధ్య వాసం దాకా పోతాడట."

"దిగమని చెప్పండి! నేను చెప్పానని చెప్పండి! కాదు, ఫోను, ఫోను ఆయనకి వినబడేలా పెట్టండి."

నర్సు గోడ దగ్గరికి పరిగెత్తి ఫోను పైకెత్తి పట్టుకున్నట్టుంది. గాలి హోరూ, రేకుల మీద బూట్ల చప్పుడూ వినిపించాయి. ఒక్కొక్క అడుగూ ఆగి ఆగి పడుతోంది.

"షాబా గారూ!" మలామా అరిచింది. "దిగండి! నేను మలామాని. దిగిపోండి!"

పైనుంచి నవ్వు వచ్చింది. నిన్న షెడ్డులో విన్న నవ్వే. "ఎవరదీ, కోతుల రాణీనా? కోతులవాళ్ళు చెట్టు దిగమంటే న్గోనీలు దిగుతారా?"

"వేళాకోళం కాదు! నిజంగా చెప్తున్నా!"

"నేనూ నిజంగానే చెప్పా తల్లీ. వేలు చూపిస్తే నవ్వారు. ఇప్పుడు మనిషిని చూపిస్తా. అప్పుడు ఎవరూ నవ్వరు."

ఆమెకి దుఃఖం పొంగుకొచ్చింది. ఏ మాట అన్నా ఆ వరసలోకే పోయి పడుతోంది. బతిమాలితే వేళాకోళం, అరిస్తే వేళాకోళం. ఈ మనిషితో నిజం మాట్లాడాలంటే ఏ గొంతుతో మాట్లాడాలి? పక్కన నసిలేలె చెయ్యి పట్టుకుని, "మేనేజర్‌గా చెప్పు, మేనేజర్‌గా చెప్పు" అంటోంది.

మలామా గొంతు మార్చింది. "షాబా గారూ, మేనేజర్‌గా చెప్తున్నాను. అక్కడే ఆగండి. కప్పు దిగండి."

బూట్ల చప్పుడు ఆగింది. గాలి హోరు ఒక్కటే మిగిలింది. ఈసారి వచ్చిన గొంతులో నవ్వు లేదు. తగ్గి, అలసిపోయి, నిజంగా తెలుసుకోవాలనుకుంటున్నట్టు ఉంది.

"మరి నిన్న ఎవరుగా చెప్పావమ్మా?"

మలామా నోరు తెరిచింది. ఆమె ఇంకా జవాబు వెతుక్కుంటూ ఉండగానే ఫోనులో చెక్క ఫెళ్ళున విరిగిన చప్పుడు, రేకులు చిరిగిన చప్పుడు, ఆ వెనకే జెలిపా పెట్టిన కేక.